అద్దాల గదిలో గృహప్రవేశం పాలు

ఆ రోజుల్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, దాంతోపాటు ఇంట్లో నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదన్న జబ్బు కూడా పట్టుకుంది. జనగామలో ఒక చిన్న ఆఫీసులో కుర్చీ దొరికి నాలుగు నెలలైనా కాలేదు, నెల్లికుదురులో మా కొత్త ఇంటికి స్లాబు పడింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నా మాట ఒక్కటీ చెవిన పెట్టని బాపు ఆ రోజు "పైన ఏం కట్టాల్నో నువ్వే చూస్కో బిడ్డా, సదువుకున్నోనివి" అన్నాడు. ఇక నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఈ ఒక్క పని సక్కగా చేసి చూపిస్తే ఇంట్లో నేనూ పెద్దమనిషినే. తేడా వచ్చిందా, మళ్ళీ జన్మంతా "ఎహె, నువ్వూకో"నే.

ఫోనులో రాత్రీ పగలూ వెతికి ఒక బొమ్మ పట్టుకున్నాను. చుట్టూ అద్దాలు, పైన అద్దం, లోపల పేము కుర్చీ, కుర్చీలో దుప్పటి కప్పుకుని కాఫీ తాగుతున్న ఒక తెల్లాయన. మానుకోట నుంచి వచ్చిన అల్యూమినియం మేస్త్రీకి చూపించాను. ఆయన ఫోనును దగ్గరికీ దూరానికీ జరిపి చూశాడు.

"తమ్మీ, గీ ఫొటోల బయట మంచు వడ్తున్నది. మనకాడ వడేది ఎండ. జర రెండు కిటికీలన్న తెరుసుకునేటట్టు వెడ్దాం."

"వద్దన్నా, లుక్కు పోతది."

"పైనన్న రేకులేద్దామా?"

"అద్దమే కావాలె."

"మరి లోపల కూసునేదెవరు?"

"నేనే."

"అయితే సరే తియ్" అని నిశ్చింతగా టేపు చుట్టుకున్నాడు. (నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.)

గృహప్రవేశం నడి ఎండాకాలంలో వచ్చింది. ముహూర్తం పదకొండు గంటలకు. పొంగించడానికి మా అవ్వ (బాపు తల్లి) తన బర్రె పాలు తెల్లవారకముందే పిండి తెచ్చింది. ఇంటినిండా చుట్టాలు, చుట్టాల కాళ్ళ మధ్య పిల్లులు. తెలివైనవాణ్ణి కదా, గిన్నె తీసుకెళ్ళి అద్దాల గదిలో పెట్టి తలుపు వేశాను. పిల్లి కాదు కదా, దోమ కూడా దూరదు! గాలి కూడా దూరదన్న సంగతి నాకు తట్టలేదు.

పదకొండింటికి పొయ్యి మీద పెడితే పాలు పొంగలేదు. ముక్కలు ముక్కలై నీళ్ళలో తేలాయి.

"అయ్యో అయ్యో, పాలు ఇరిగినయ్!" అని అవ్వ నెత్తి పట్టుకుంది. అందరూ అపశకునం అన్న మాట నోటిదాకా తెచ్చుకుని మింగారు. అయ్యగారు పంచాంగం వెనక ముఖం దాచుకున్నాడు. "ఏడ వెట్టిన్రే పాలు? ఎవలు వెట్టిన్రు?" అని అవ్వ గర్జిస్తుంటే నేను పైనున్న ఫ్యానును ఎన్నడూ చూడనట్టు చూస్తూ నిలబడ్డాను.

"నేనే, అద్దాల అర్రల వెట్టిన" అన్నాడు బాపు.

ఆయన అబద్ధం చెప్పడం నేను చూసింది అదే మొదటిసారి. "యాభై ఏండ్లొచ్చినయ్, జరన్న తెల్వద్దారా!" అని అవ్వ చుట్టాలందరి ముందూ దులిపేస్తుంటే తల వంచుకుని నిలబడ్డాడు. పక్కింటి నుంచి పాలు తెచ్చి పొంగించారు. విరిగిన పాలలో చక్కెర వేసి కాస్తే చుట్టాలు మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నారు. అపశకునం ఇంత తియ్యగా ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

భోజనాలయ్యాక బాపు నన్ను పైకి తీసుకెళ్ళాడు. "నువ్వు కట్టించినవ్ గద, పది నిమిషాలు కూసుందాం." ఇద్దరం తడిసి ముద్దయ్యాం.

"ఎట్లుంది బాపు?" అన్నాను.

"మంచిగనే ఉన్నది. ఎలుతురు మస్తుగొస్తున్నది." లేచి నిలబడి, "జల్ది దిగుదాం బిడ్డా, కండ్లు తిరుగుతున్నయ్" అన్నాడు. సగం మెట్లు దిగాక నా భుజం పట్టుకుని ఆగి, "గీ మెట్లకు రెయిలింగు గూడ నువ్వే చూస్కో" అన్నాడు.

చెమట తుడుచుకుంటున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఇంత మంచి తండ్రికి పుట్టిన ఆ పోరడు, అంత జరిగాక ఏం చేశాడంటారా? అదే మెట్టు మీద కూర్చుని, ఫోను తీసి, అద్దాల రెయిలింగులు వెతకడం మొదలుపెట్టాడు.