తవుడు ముట్టినట్టు రసీదు

1968 జూన్‌లో నన్ను శ్రీకాకుళంలో ఒక నర్సింగు స్కూలు హాస్టలుకి పెద్ద ఆయాగా వేశారు. అంతకుముందు ప్రసూతి వార్డులో మామూలు ఆయాని. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తెలుగు తడుముకోకుండా చదువుతాను, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు పోల్చుకుంటాను. ఆ ఉద్యోగానికి అంతకంటే అక్కర్లేదు.

ఆ రోజుల్లో ఆసుపత్రిలో వరుస ఇలా ఉండేది. అందరికీ పైన సూపరింటెండెంటు డాక్టరుగారు. నర్సుల మీద మేట్రన్. పాఠాలు చెప్పడానికి సిస్టర్ ట్యూటరు. ఆ తరువాత స్టాఫ్ నర్సులు, వాళ్ల కింద ట్రైనింగు పిల్లలు, అందరికీ అడుగున ఆయాలు. కాని దుప్పట్ల బీరువా, సబ్బుల పెట్టె, గేటు తాళం నా చేతిలో ఉండేవి గనుక నేను అడుగున ఉన్నానన్న సంగతి ఆ పిల్లలెవరికీ గుర్తుండేది కాదు. అరిగిపోయిన సబ్బు ముక్క తెచ్చి చూపిస్తేనే కొత్త సబ్బు ఇచ్చేదాన్ని. ముక్క పోయిందని ఏడ్చిన పిల్లలున్నారు. వెతుక్కోమన్నాను, దొరికింది.

ఇంకొక రూలుంది. ట్రైనింగు పిల్ల ఊళ్లోకి కదలాలంటే ఔట్‌పాసు మీద మేట్రన్ సంతకం ఉండాలి, వెంట ఒక ఆయా వెళ్లాలి. నేను పోలీసు స్టేషను నుంచి తాలూకా ఆఫీసు దాకా ఇన్ని గుమ్మాలు ఎక్కడానికి కారణం ఆ రూలే తప్ప నాకు సరదా కాదు.

ఆ ఏడు చివరి పరీక్ష రాసినవాళ్లలో తవిటమ్మ అనే పిల్ల ఉంది. శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డున వాళ్ల ఊరు. తండ్రి సాలూరు లారీల మీద డ్రైవరు. తల్లి పేరు రాములమ్మ, కూలిపనికి వెళ్లేది. పిల్ల ఎస్సెస్సెల్సీ పాసై మా దగ్గర రెండేళ్ల ఏఎన్నెం కోర్సు చేసింది. అంటే ఊళ్లలో కాన్పులు చేసే నర్సమ్మ చదువు. దానికి ఇంగ్లండులో ఒక ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది, జనవరి బ్యాచిలో స్టూడెంటు నర్సుగా చేర్చుకుంటామని. ఇక్కడి రెండేళ్లు అక్కడ లెక్కలోకి రావు. మళ్లీ మొదటినుంచి మూడేళ్లు చదవాలి. అందుకు అక్కడే నెలనెలా కొంత జీతం ఇస్తారు.

సిస్టర్ ట్యూటరుగారు ఆ ఉత్తరం చదివి అర్థం చెబుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ముందు చదువు కోసం గడువుతో అనుమతి ఇస్తారు, గడువు తీరగానే పొడిగించుకోవాలి. చదువు పూర్తయ్యాక నర్సుగా రిజిస్టరు కావాలి. పని పర్మిట్ మీద కొన్నేళ్లు మధ్యలో తెగకుండా పని చేయాలి. అప్పుడుగాని పాస్‌పోర్టులో గడువు ముద్ర రద్దు చేసి, శాశ్వతంగా ఉండనివ్వరు. ఆ చివరి మెట్టు దగ్గర మొదటి రోజున ఇచ్చిన కాగితాలన్నీ మళ్లీ తీసి చూస్తారు. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, అన్నీ అప్పుడేం చెప్పారో ఇప్పుడూ అదే ఉండాలి.

ఈ ఆఖరి మాట నాకు బాగా పట్టింది. మిగతావన్నీ తవిటమ్మ రాసుకుంది.

కావలసినవి ఎస్సెస్సెల్సీ పుస్తకం, పాస్‌పోర్టు, మశూచి టీకాల పుస్తకం, ఛాతీ ఎక్స్‌రే, నడవడి బాగుందని మేట్రన్ ఇచ్చిన కాగితం. పిల్లకి ఇరవై ఒకటి నిండలేదు గనుక తల్లో తండ్రో సమ్మతి సంతకం. వీటికోసం పాత దిండు గలేబుతో ఒక సంచి కుట్టించాను. ఫొటోగ్రాఫరు ఆరు కాపీలు తీద్దామంటే నాలుగు చాలన్నాను. ఆ మాట మళ్లీ వస్తుంది.

పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టాక పోలీసు విచారణ ఉంటుంది. హెడ్ కానిస్టేబులు సైకిలు మీద వాళ్ల ఊరు వెళ్లి, పిల్ల ఎవరి కూతురని అడిగాడు. అతను అడిగింది రాములమ్మ పక్కింటి ఎర్రమ్మని. రోకలి పట్టి ఊరి వాళ్లకి ధాన్యం దంచిపెట్టే ముసలామె. ఎర్రమ్మ రోకలి ఆపకుండానే జవాబు చెప్పిందట.

"నా కూతురే. కొన్నాను."

"ఎంతకి కొన్నావు?"

"కుంచెడు తవుడుకి."

ఇందులో వింత ఏమీ లేదు. మా వైపు వరసగా బిడ్డలు పోయిన తల్లికి మళ్లీ బిడ్డ పుడితే, పురుడు తీరకముందే పక్కింటివాళ్లు తవుడిచ్చి ఆ బిడ్డని కొంటారు. కొన్నవాళ్లు "నా పిల్లని నువ్వు పెంచు" అని తిరిగి తల్లి ఒళ్లోనే పెడతారు. తల్లి మీద కన్నేసిన మృత్యువు, ఈ బిడ్డ వేరేవాళ్లదనుకుని గుమ్మం దాటి పోతుందని నమ్మకం. ఊరికో తవిటమ్మ, ఊరికో తవిటయ్య ఉండేవారు. హెడ్ కానిస్టేబులుకీ ఈ సంగతి తెలుసు. అయినా విన్నది విన్నట్టు రాయడం అతని ఉద్యోగం, రాశాడు. పైఆఫీసులో ఎవరో దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. ఇంగ్లీషులోకి మారాక అది పసితనంలో వస్తురూపంగా ప్రతిఫలం పుచ్చుకుని అమ్మివేయబడిన పిల్ల కథ అయి కూర్చుంది. ఫైలు తిరిగొచ్చింది. ఈ పిల్లకు చట్టప్రకారం సంరక్షకులెవరు, ఇప్పుడు సీమకు పంపుతున్నది కూడా అమ్మకమేనా, తహసీల్దారు విచారించి తల్లిదండ్రులెవరో ధ్రువపరచవలెను అని అందులో ఉంది.

తవిటమ్మ వంటగది గట్టు మీద కూలబడింది. జనవరి బ్యాచి తప్పితే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తామని ఉత్తరంలో ఉంది. సిస్టర్ ట్యూటరుగారు జాలిపడి ఒక దగ్గరిదారి చెప్పారు. ఎర్రమ్మే సంరక్షకురాలని రాయించేస్తే సరిపోతుంది, ఎలాగూ ఆమె ఒప్పుకుంటోంది కదా అని.

నేను కూడదన్నాను. ఎస్సెస్సెల్సీ పుస్తకంలో తండ్రి పేరు ఉంది. ఇప్పుడు ఎర్రమ్మ పేరు రాస్తే, అన్నేళ్లు పనిచేసి శాశ్వతంగా ఉంటానని అడిగిననాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడు అక్కడ తవుడు సంగతి ఎవరికి చెప్పుకుంటుంది? ఆయా అంత గట్టిగా మాట్లాడడం ట్యూటరుగారికి నచ్చలేదు. మాట మాత్రం నచ్చింది.

తండ్రి లోడు వేసుకుని రాయపూర్ వైపు వెళ్లాడు, ఎప్పుడొచ్చేదీ ఎవరికీ తెలియదు. అందుకని మంగళవారంనాడు రాములమ్మని, ఎర్రమ్మని తాలూకా ఆఫీసుకి పిలిపించారు. నేను, తవిటమ్మ బస్సులో వెళ్లాం.

తహసీల్దారుగారు పెద్దమనిషి. మెల్లగా అడిగారు. "అమ్మా రాములమ్మా, ఈ అమ్మాయి నీ కూతురేనా?"

"కాదు బాబూ."

గుమాస్తా కలం ఆగిపోయింది.

"మరి ఎవరి కూతురు?"

"మా ఎర్రమ్మ వదిన కూతురు."

"అవును బాబూ," అంది ఎర్రమ్మ. "ఈ గుంట నాదే. ఊరందరి ముందూ కొన్నాను."

"కన్నదెవరు?"

"కన్నది అదే. కంటే మాత్రం ఏటి? అమ్మీసినాక నాదే కదా."

తహసీల్దారుగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన సొంత తమ్ముణ్ణి పుట్టగానే పెంట మీద పెట్టి తీసి, దక్కాలని పెంటయ్య అని పేరు పెట్టారట, ఆయనకి ఇదంతా కొత్త కాదు. "నాకు తెలుసమ్మా. కాగితానికి తెలీదు," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. రాములమ్మని వరండాలోకి లాక్కెళ్లాను. "ఒసే, కడుపున పుట్టిన పిల్లని కాదంటావేటే? దాని సీటు పోతాది, తెలస్తన్నాదా?" అని కేకలేశాను. ఆమె స్తంభానికి ఆనుకుని చాలా మెల్లగా చెప్పింది. "దీని ముందు ముగ్గురు పోయినారమ్మా. పందొమ్మిదేళ్లయినాది, నా కూతురని ఒక్కపాలి నోట్నించి రానీనేదు. ఇప్పుడు కచేరీలో నిలబడి అనమంటే, ఇన్నాళ్లూ ఏమారినోడు ఇనడా?"

తవిటమ్మ అంది, "అమ్మా, నాకు టీకాలన్నీ ఏసినారు. ఎక్సురే తీసినారు. ఏ రోగమూ నేదని డాక్టరుగారు రాసినారు." అని సంచిలోంచి ఎక్స్‌రే తీసి వెలుతురుకి పట్టింది. ఎర్రమ్మ కూడా వచ్చి తొంగిచూసింది. "ఓలమ్మో! గుంటకి ఎముకలు తప్ప ఏటీ నేవు! ఏటమ్మా పెద్దాయమ్మా, మీ ఆస్టల్లో కూడెట్టరా?" అని నా మీదికి వచ్చింది. మా హాస్టలు భోజనం గురించి అలా అన్నవాళ్లు అంతకుముందు లేరు, ఆ తరువాతా లేరు.

కాసేపు ఆలోచించాను. చిక్కులు రెండని తేలింది. ఎర్రమ్మది హక్కు, రాములమ్మది భయం. రెంటికీ ఒకే మందు పనిచేయదు.

హక్కు సంగతి ముందు చూశాను. తవుడుకి కొన్న పిల్లకి పెళ్లి కుదిరితే, తల్లి అంత తవుడూ తిరిగిచ్చి విడిపించుకోవడం ఆనవాయితీ. ఇప్పుడే విడిపించుకోమన్నాను. ఎర్రమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుంది. "పెల్లి కాదు కదా?" అంది. పెళ్లికి పంపితే పక్క ఊరు పంపుతావు, ఇది సముద్రం అవతలికి, ఇంకా పెద్ద ప్రయాణం అన్నాను. సరేగాని మిల్లు తవుడు చెల్లదంది, తనిచ్చింది దంపుడు తవుడు. మంగళవారం ఇచ్చిపుచ్చుకోవడాలు కుదరవంది. ఊళ్లో ధాన్యం దంచేది తనొక్కతే గనుక ఆ తవుడూ తన దగ్గరే కొనుక్కోవాలని కూడా చెప్పింది. తన తవుడు తనకే ఇస్తే తిరిగి ఇచ్చినట్టు ఎలా అవుతుందని నేను ఒప్పుకోలేదు. చివరికి నేను హాస్టలుకి బియ్యం దంచిపెట్టే ఆమె దగ్గర కుంచెడు తెచ్చేలా, బుధవారం మళ్లీ అందరం వచ్చేలా కుదిరింది. బస్సు చార్జీ రెండోసారి.

బుధవారంనాడు తహసీల్దారుగారి బల్ల ముందు తవుడు కొలిచాం. ఎర్రమ్మ వేళ్లతో నలిపి, వాసన చూసి, "నూకున్నాది, పర్వానేదు," అని కొంగులో పోయించుకుంది. గుమాస్తా ఆ సంగతి రాసి ఆమె వేలిముద్ర వేయించాడు.

రాములమ్మ వంతు వచ్చింది. ఆమె కూతురి వైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. తహసీల్దారుగారు గడియారం చూసుకున్నారు. నాకు అప్పుడు తట్టింది. సంచిలోంచి ఫొటో తీసి రాములమ్మ చేతిలో పెట్టి, తవిటమ్మని బయట నిలబడమన్నాను.

"పిల్లని చూసి చెప్పకే. ఈ బొమ్మని చూసి చెప్పు," అన్నాను.

రాములమ్మ చాలాసేపు ఆ ఫొటో పట్టుకుంది. గుమ్మం వైపు ఒకసారి చూసింది. పిల్ల లేదని నమ్మకం కుదిరాక, ఫొటో మీద వేలు పెట్టి, "ఈ బొమ్మలో ఉన్నాది నా కూతురు. నాను కన్నాను," అంది. అన్న వెంటనే దాన్ని బల్ల మీద బోర్లా పెట్టేసింది.

నేను తహసీల్దారుగారి ముఖం చూశాను. ఇది చెల్లదంటే ఇక దారి లేదు. ఆయన అన్నారు, "పాస్‌పోర్టుకి అంటించేదీ ఈ బొమ్మనే కదా. చెల్లుతుంది." ఆ ఫొటోని వాంగ్మూలానికి అంటించి, ముద్ర సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడేలా కొట్టించారు. రాములమ్మ సమ్మతికి కూడా అప్పుడే వేలిముద్ర వేసింది.

అలా నాలుగు ఫొటోల్లో ఒకటి ఖర్చయింది, ఇంకొకటి కావలసి వచ్చింది. ఫొటోగ్రాఫరు ఒక్క కాపీకి విడిగా ఎక్కువే తీసుకున్నాడు. ఆరు తీయించి ఉండవలసింది. ఒప్పుకుంటాను.

పాస్‌పోర్టు వచ్చింది. తవిటమ్మ జనవరి బ్యాచిలో చేరింది. మూడేళ్లు చదివి, రిజిస్టరై, తెగకుండా పనిచేసి, శాశ్వతంగా ఉండడానికి దరఖాస్తు పెట్టినప్పుడు, అనుకున్నట్టే తల్లిదండ్రుల రుజువు మళ్లీ అడిగారట. అదే వాంగ్మూలం నకలు చూపించింది. అందులో 'కుంచెడు తవుడు తిరిగి ముట్టినది' అన్న వాక్యం దగ్గర అక్కడి ఆఫీసరు ఆగి, ఇదేమిటని అడిగాడట. మా దేశంలో రసీదు అని చెప్పిందట. గడువు ముద్ర రద్దు చేశారు.

ఆ ఉత్తరం పట్టుకుని నేనే వాళ్ల ఊరు వెళ్లి రాములమ్మకి చదివి వినిపించాను. ఆమె అంతా విని, పక్కింటి వైపు తిరిగి గట్టిగా కేకేసింది. "వదినా, నీ కూతురు ఉత్తరం రాసినాదట! బాగున్నాదట!"

ఆ తరువాత నేను రిటైరయ్యేదాకా మా హాస్టలు నుంచి మరికొందరు పిల్లలు విదేశాలకి వెళ్లారు. ఏ పిల్ల కాగితాలు మొదలుపెట్టినా ముందు వాళ్ల ఊరు వెళ్లి, ఈ పిల్ల ఎవరి కూతురని మూడు గుమ్మాల దగ్గర అడిగేదాన్ని. మూడు చోట్లా ఒకే జవాబు వస్తే ఫారం నింపించేదాన్ని. రాకపోతే, ముందు తవుడు సిద్ధం చేసుకోమని చెప్పేదాన్ని. ఫొటోలు ఆరు తీయించేదాన్ని.