ఎండకు జారని కూత

మా మేనత్త ఉండేది ఎర్రగుంట్లలో, నేను కడపలో. ఆమె పోయిన సంగతి మాత్రం నాకు తెలియడం ఆలూరు నుంచి మొదలైంది. అక్కడ సేద్యం చేసుకునే ఒక పెద్దాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. "అమ్మా, మీ అత్తమ్మ ఈపొద్దు రేడియోలోకి రాల్యా. చెప్పకుండా మానే మనిషి కాదు. ఒకతూరి ఎవురినన్నా పంపి చూపిస్తారా?" అన్నాడు. నేను అత్త పక్కింటామెకు ఫోన్ చేశాను. ఆమె వెళ్ళి చూసి, "నిద్రలోనే పోయినాది పాపా. మొగం తేటగా ఉండాది" అంది.

అత్త హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరైంది. ఆ తర్వాత పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, అమెచ్యూర్ రేడియో మొదలుపెట్టింది. సొంతంగా సెట్టు కట్టుకోవడం, మిద్దె మీద తీగ లాగడం, ఎక్కడెక్కడో ఉన్న తనలాంటి వాళ్ళతో మాట్లాడడం, ఇదీ ఆ సరదా. మా వైపు ఆ వయసు ఆడవాళ్ళు తీర్థయాత్రలకు బయలుదేరతారు. "నేను యాడికీ పోను. ఊర్లే నా దగ్గరికి వస్తాయి" అనేది అత్త. నిజంగానే వచ్చేవి. ఆలూరాయన, ఆత్మకూరులో మందుల షాపు పెట్టుకున్న ఒకాయన, ఇంకొందరు రోజూ పొద్దున రేడియోలో ఒకే చోట కలిసేవాళ్ళు. ఇంత కష్టపడి సెట్లు కట్టి చివరికి మాట్లాడుకునేది మోకాళ్ళ నొప్పుల గురించా అని నేను ఏడిపించేదాన్ని. "నొప్పులు ఉండేది మాకు. మాట్లాడుకోమా?" అని నా నోరు మూయించేది.

సోల్డరింగ్ ఇనుము వంటింట్లో పొయ్యి పక్కనే ఉండేది. చారుకు పోపు పెడుతూనే ఒక వైరు అతికించేది. చూపు ఆనకపోతే ఒక కళ్ళజోడు మీద ఇంకొకటి పెట్టుకునేది. ఆమెకు రేడియో నేర్పిన పద్ధతి ఒకటుంది. "ముందు బాగా ఇనల్ల. ఆ చోట ఎవురూ మాట్లాడడంల్యా అని తేలినాకనే మనం నోరు తెరవల్ల." పెళ్ళిళ్ళలోనూ అంతే, ఒక మూల కూర్చుని అందరినీ వినేది. పెళ్ళివారు ఆమెకు పొగరనుకునేవాళ్ళు. నాకు మాత్రం, నా మాట చివరిదాకా విన్న మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే.

అలాంటి మనిషికి గొంతు ఆపరేషన్ జరిగింది. ప్రాణం నిలిచింది గానీ గొంతు గుసగుస దాకా వచ్చి ఆగిపోయింది. ఫోన్లో ఆమె ఏమన్నా అవతలి వాళ్ళు హలో హలో అని పెట్టేసేవాళ్ళు. మేమంతా, పోనీలే మెసేజీలు పెట్టుకోవచ్చు కదా అన్నాం. ఆమె నన్ను దగ్గరికి పిలిచి చెవిలో, "అది రాయడం పాపా. నాకు మాట్లాడల్లని ఉండాది" అంది.

దారి ఒకటుంది. మోర్స్. వేళ్ళతో మీట నొక్కి చిన్న కూత, పెద్ద కూతగా అక్షరాలు పంపడం. ఆమె గుంపులో అందరికీ అది వచ్చు. చిక్కల్లా పాత సెట్టుతోనే. అందులో ఫ్రీక్వెన్సీని పుట్టించేది చేత్తో చుట్టిన కాయిల్. మా బండల మిద్దెలు ఎండాకాలం ఎలా కాగుతాయో తెలిసిందే. ఇల్లు వేడెక్కేకొద్దీ కాయిల్ వేడెక్కి, కూత ఉన్నచోట ఉండక పక్కకు జారిపోయేది. థర్మోకోల్ పెట్టెలో దాచినా జారేది. మాటలైతే అవతలి వాళ్ళు తమ సెట్టు నాబ్ సర్దుకుని ఎలాగో వినేవాళ్ళు. సన్నటి మోర్స్ కూత జారితే దాన్ని వెతికి పట్టుకోవడం వాళ్ళ వల్ల కాలేదు.

అప్పుడు ఆన్‌లైన్‌లో ఒక ఫ్రీక్వెన్సీ సింథసైజర్ మాడ్యూల్ తెప్పించింది. అగ్గిపెట్టె కన్నా చిన్న పలక, ధర ఒక పూట హోటల్ భోజనమంత. కావలసిన అంకె చెబితే ఆ ఫ్రీక్వెన్సీనే పుట్టిస్తుంది, ఎండకు దాదాపు చలించదు. కంప్యూటర్లో ప్రోగ్రాం రాసి, దాన్ని పాత సెట్టులో కలిపింది. గుంపులో ఎవరికీ చెప్పలేదు. చెప్పాపెట్టకుండా వెళ్ళి అదరగొట్టాలని ఆశ.

పొద్దున్నే హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటే, వాళ్ళుండే చోట ఎవరూ లేరు. మర్నాడూ లేరు. యాంటెన్నా దించి మళ్ళీ కట్టింది. రేడియో తరంగాలను చెడగొడుతున్నాడని సూర్యుణ్ణి తిట్టింది. వారాలు గడిచాయి. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి సెట్టు మీద తువ్వాలు కప్పి ఉంది. "నా గొంతుతో పాటే వాళ్ళు గూడా పోయినట్టుండారు" అని గొణిగింది. ఊరికే ఉండలేక తువ్వాలు తీసి, సెట్టు ఆన్ చేసి, స్టేషన్లు పట్టే నాబ్ కిందికి తిప్పుతూ పోయాను. ఏదో దేశం స్టేషను నుంచి సంగీతం వచ్చింది.

అత్త తల తిప్పింది. ఆ స్టేషను ఆమెకు తెలుసు. అది ఉండాల్సింది అక్కడ కాదు, ఇంకా పైన. కాగితం తీసుకుని లెక్క వేసింది. ఇంకో స్టేషను పట్టుకుని మళ్ళీ వేసింది. రెండూ ఒకే పాళ్ళలో తప్పాయి. "పలక మీద క్రిస్టల్ ఉండాది చూడు, తళతళలాడే డబ్బీ. దాని మీద ఏం రాసిండారో సదువు" అంది. నేను ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చదివాను. ఇరవై ఏడు మెగాహెర్ట్జ్.

అత్త నెత్తి కొట్టుకుంది. పలక లెక్కంతా ఆ క్రిస్టల్ ఊగే వేగం మీదే నడుస్తుంది. ఈ రకం పలకల మీద మామూలుగా ఇరవై అయిదు వేస్తారని ఆమె ప్రోగ్రాం అలాగే రాసింది. అందుకే సెట్టు ఒకటి చూపిస్తూ ఇంకోచోట వింటోంది. ఇన్ని వారాలు ఆమె కూర్చున్నది వాళ్ళ వాకిట్లో కాదు, పక్క వీధి ఖాళీ స్థలంలో. వినకుండా నోరు తెరవని పద్ధతే కాపాడింది. లేకపోతే తనకు అనుమతి లేని చోట కూత పెట్టి ఉండేది.

ప్రోగ్రాంలో ఆ ఒక్క అంకె మార్చింది. మర్నాడు సెలవు పెట్టి నేనూ ఉండిపోయాను. పొద్దున సెట్టు పెట్టగానే ఆలూరాయన గొంతు, నిన్న పడిన వాన గురించి. అత్త కదలకుండా విన్నది. సందు దొరికాక, రేడియోలో తన పేరైన అక్షరాలను మీటతో నిదానంగా కొట్టింది.

"టీచరమ్మా! నువ్వేనా? రేయ్, టీచరమ్మ వచ్చినాదప్పా!" ఆలూరాయన అరిచాడు. అందరూ ఒకరి మీద ఒకరు పడి పలకరించారు. అత్త హెడ్‌ఫోన్లు పీకి, స్పీకరు పెద్దది చేసి, కిటికీ తెరిచింది. పక్కింటామె గోడ దగ్గరికి వచ్చి, "ఏం టీచరమ్మా, ఎవురు అట్ల అరుస్తాండేది?" అని అడిగింది. అత్త ఏదో చెప్పింది గానీ ఆమెకు వినపడలేదు. నేనే గట్టిగా అరిచాను. "మా అత్తతో మాట్లాడతాండారు! ఆలూరు నుంచి, ఆత్మకూరు నుంచి!"

పక్కింటామె కాస్త ఆలోచించి, కొంగు సర్దుకుని, "ఔనా? మేం గూడా అడిగినామని చెప్పు టీచరమ్మా" అంది.

అత్త సరేనని తలూపింది. చప్పుడు లేని నవ్వుతో భుజాలు ఊగిపోతున్నాయి, కళ్ళు కారుతున్నాయి. మీట మీద వేలు పెట్టి, పక్కింటివాళ్ళు అడిగారన్న మాట ఒక్కొక్క అక్షరంగా ఆలూరికి చేరవేసింది.