చాప కింద ఇనుము

జనం నన్ను మెచ్చుకునే రోజు ఒకటుంది. ఆ రోజు మధ్యాహ్నం నేను చేసిన పని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పేరు చెప్పి ఎవరైనా నాకు దండ వేసినప్పుడల్లా మెడ వంగిపోయేది. పూలదండ అంత బరువుండదని నాకూ తెలుసు. మీకు చెప్పడం సులువుగా ఉంది, ఎందుకంటే మీలో చాలామంది మా పెద్దమ్మను చూడలేదు.

మాది గుమ్మఘట్ట వైపు, మంత్రం చదివేవాళ్ల ఊరు. మంత్రం మాకు వింత కాదు. గాలి లేని రోజు చెనిక్కాయ తూర్పారబట్టాలంటే గాలిని పిలిచే మాట ఒకటుంది, అది పిల్లలకు ఎక్కాలతో పాటే వచ్చేస్తుంది. పెద్ద మంత్రాలు నేర్పడానికి మాకొక పీఠం ఉంది. అనంతపురంలో ఫిజిక్స్ చదువుకుని నేనూ, నాతో చదివిన ఖాదరూ అక్కడే పనిలో చేరాం. మంత్రం చదివినప్పుడు నేలలో ఏం జరుగుతుందో కొలవాలని మా పట్టుదల. కొలిస్తే మంత్రం అలుగుతుందని పీఠం పెద్దల భయం. మమ్మల్ని తరిమెయ్యలేదు గానీ, వరండా దాటి లోపలికి రానిచ్చేవాళ్లు కాదు.

ఎండిన బావిలోకి నీళ్లు పిలిచే మంత్రం పూర్తిగా వచ్చినవాడు మా పెద్దనాయన ఒక్కడే మిగిలాడు. మా నాయనకు అన్న. ఆ మంత్రానికి ఒక కట్టుబాటు ఉంది. చదివే పొలంలో ఇనుము ఉండకూడదు. చదివేవాడి ఇంటి ఆడమనిషి ముందుగా సూదంటురాయిని నూలుదారానికి వేలాడదీసి పొలమంతా నడవాలి. రాయి ఎక్కడా కదలకపోతే, ఇనుము లేదని నలుగురి ముందు మాట ఇవ్వాలి. ఆ మాట వినకుండా పెద్దనాయన చాప మీద కూర్చునేవాడు కాదు. మాట ఇచ్చేది పెద్దమ్మ. కొత్తకోడలుగా వచ్చినప్పటి నుంచీ ఆమెదే ఆ పని. ఏ పొలంలో విరిగిన సూది ముక్క ఉన్నా ఆమె చేతిలో రాయి తల తిప్పేది.

ఇక్కడే చిక్కు. ఈ కాలంలో ఇనుము లేని పొలం ఎక్కడుంది? బోరు పైపులు, మోటార్లు, ముళ్లకంచెలు. ఒక్క బావి కోసం బోరు పైపు పీక్కోమంటే ఏ రైతు పీక్కుంటాడు? బోర్లు వచ్చాక నీళ్ల మంత్రం చచ్చిపోయిందని మా వాళ్లే అనడం మొదలుపెట్టారు. ఈసారి ఒక్క బావైనా నిండకపోతే ఆ మంత్రం నేర్పడం ఆపేస్తామని పీఠం పెద్దలు తేల్చి చెప్పారు. పెద్దనాయన ఆ మాట విని అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. అది చూశాక నేను నేనుగా లేను.

నాకూ ఖాదర్‌కూ ఒక అనుమానం ఉండేది. మంత్రాన్ని విరిచేది ఇనుము కాదేమో. ఇనుముందన్న తలపేమో. పక్క పొలం గట్టున మోటారు కనిపించిన రోజుల్లో పెద్దనాయన గొంతు తడబడేది, మేం రికార్డు చేసి విన్నాం. మరి తేల్చడం ఎలా? ఇనుము ఉండాలి, ఉందని ఆయనకు తెలియకూడదు. ఖాదర్ అప్పుడే చెప్పాడు, ఆయనకు చెబితే పరీక్ష కాదు, చెప్పకపోతే మోసం అని. పెద్దల్ని అడిగి చేద్దామన్నాడు. నేను సరేనన్నాను. అడగలేదు.

రాయదుర్గంలో పాత సామాన్ల కొట్టు నుంచి ఒక విరిగిన మడక కర్రు, అదే నాగలి కొనకుండే ఇనుప ముక్క, తెచ్చాను. బురద పూసి ఎండబెట్టి, మళ్లీ బురద పూశాను. ఎన్నేళ్లుగానో మట్టిలో ఉన్నట్టు కనపడాలి కదా. ఇంత ముందుచూపుతో చేసిన పనిని పొరపాటు అని ఎలా అనగలను? అనను.

ఆ పొలం కొండ అంచున, బోరు లేకుండా మిగిలిపోయిన రెండెకరాలు. పెద్దమ్మ ఉదయమే నడిచింది. గట్టు గట్టుకీ ఆగి, దారం నిలకడగా ఉందో లేదో చూసుకుంటూ నడిచింది. చివరికి పీఠం పెద్దల ముందు నిలబడి ఇనుము లేదని మాట ఇచ్చింది. బావి పక్కన చాప పరిచారు. అందరూ కొట్టం నీడకు సద్ది తినడానికి వెళ్లారు. చాప దగ్గర ఎవరో ఒకరు కాపలా ఉండాలి. నేనుంటానన్నాను. పొలం అవతల పొదలో ఉంచిన కర్రును చీర కుచ్చిళ్లలో దాచి తెచ్చి, చాప ఎత్తి, చేత్తోనే మట్టి తవ్వి పూడ్చిపెట్టాను. గోళ్లలో మట్టి పోవడానికి సీసాలో ఉన్న నీళ్లన్నీ పోసుకున్నాను. దాహం వేసినా తాగడానికి మిగల్లేదు.

పెద్దనాయన వచ్చి ఆ చాప మీద కూర్చున్నాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషమే, దాచుకోను. ఆయన గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. ముందు తడి మట్టి వాసన వచ్చింది. ఎండకు పగిలిన ఆ బావిలోంచి తడి వాసన! గట్టు మీద జనం బావి అంచుకు వచ్చి తొంగిచూశారు. అడుగున రాతి పగులు నల్లబడింది. అది చెమ్మ. చెమ్మ ధార అయింది, ధారకు శబ్దం వచ్చింది. ఖాదర్ ఇత్తడి గుండు కట్టిన దారం వదిలి లోతు కొలుస్తూ, అంకెలు రాయడం మర్చిపోయి ఏడుస్తున్నాడు. పొలం రైతు భార్య మెట్లు దిగి, మోకాళ్ల లోతు నీళ్లలో చీరతో సహా నిలబడి, పైకి చూసి నవ్వింది. అంత గెలుపు నేను మళ్లీ చూడలేదు.

చదివిన చోట చాప తీసి, చిన్న గుంత తవ్వి కొర్రలు చల్లడం మా ఆచారం. అంటే కర్రు అందరి ముందూ బయటపడుతుంది. అది నాకు తెలుసు. నా లెక్కే అది. చదవడం అయ్యాకే పొలంలోకి తెచ్చిన పార తగిలి ఖంగుమంది. తవ్వుతున్నవాడు కర్రు చేతిలో పట్టుకుని బిక్కచచ్చిపోయాడు. పెద్దనాయన దాన్ని చూశాడు, బావిని చూశాడు, మళ్లీ దాన్ని చూశాడు.

"ఇనుము మీద కూర్చోని చదివినా వచ్చినాయి కదప్పా నీళ్లు," అన్నాడు. అని నవ్వడం మొదలుపెట్టాడు. పీఠం పెద్దలు కూడా నవ్వారు. ఎవరో నన్నూ ఖాదర్‌నీ ఎత్తుకున్నారు. మేం వరండాలో నిలబడి అంటూ వచ్చిన అనుమానమే నిజమైంది. ఆ గోలలో పెద్దమ్మ వైపు చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లు మాత్రం జాలిగా చూశారు.

ఆమె ఇంటికొచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచింది.

"నా చేతిలో రాయి ఎట్ల పలకకుండా పోయినాదమ్మీ? ఆ జాగాలో రెండుతూర్లు నిలబడినా. సూది ముక్క ఉండినా చెప్తాండె ఇది."

ఇప్పుడు చెప్పెయ్యొచ్చు. ఆమె ఒక్కతే ఉంది. కానీ పొరపాటైతే క్షమిస్తారు, కావాలని మోసం చేసిన ఇంటికి మళ్లీ చాప వెయ్యరు. ఆమె మాటను అబద్ధం చేసింది నేనని తెలిస్తే ఆ గెలుపంతా నీళ్లపాలవుతుందనిపించింది. అదొక్కటే కాదు. నన్ను అప్పుడే ఎత్తుకుని దించారు, ఆ సంతోషం ఇంకా ఒంటి మీదే ఉంది.

"వయసైనాది కదా పెద్దమ్మా. చెయ్యి వణికింటాది. మనసులో పెట్టుకోవద్దు."

"వణికినాదా?" అని చెయ్యి ముందుకు చాపి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "అట్లయితే నేనింక మాట ఇయ్యగూడదులే," అని దారం విప్పి రాయిని నా చేతిలో పెట్టింది.

ఆ చెయ్యి వణకలేదు. కనకాంబరాలు ఒక్కటి జారకుండా మాల కట్టే చెయ్యి అది. నా మాట విన్న తర్వాతే వణకడం మొదలైంది. కాఫీ గ్లాసు ఇచ్చేటప్పుడు రెండో చెయ్యి ఆసరా పెట్టుకునేది. అడిగినవాళ్లకు ఆమే నవ్వుతూ చెప్పేది, నాకు చెయ్యి పోయినాదని.

ఆ తర్వాత గెలుపు మీద గెలుపు. చదివేవాళ్లు బస్సెక్కి ఊళ్లకు వెళ్తున్నారు. బోరు పక్కనే కూర్చుని చదువుతున్నారు, ఎండిన బోర్లు పొంగుతున్నాయి. పీఠంలో ఇప్పుడు నీళ్ల మంత్రం, నేల లోపలి రాతిపొరల పాఠం ఒకే గదిలో, ఒకదాని తర్వాత ఒకటి చెబుతున్నాం. ఆడపిల్లలు చాప మీద కూర్చుని చదువుతున్నారు. వరండాలో నిలబెట్టిన మమ్మల్నే ఇప్పుడు ఏ బావి దగ్గర ముందుగా చదవాలో అడుగుతున్నారు. ఇదంతా నిజం. దొరికిన కర్రు కథ అబద్ధం గానీ, వచ్చిన నీళ్లు అబద్ధం కావు. ఇనుము అక్కడ ఉంది, నీళ్లూ వచ్చాయి. ఈ రాతతో నా పేరు పోయినా ఆ ఫలితం పోదు, అది నాకు గర్వంగానే ఉంది.

పొలం నడవడం, మాట ఇవ్వడం అనే పనే ఇప్పుడు లేదు. ఇనుము అడ్డు కాదని తేలాక ఆ పని అవసరమేముంది? ఎలాగూ పోయేదే కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. కానీ పని పోవడం వేరు, తన వల్లే తప్పు జరిగిందని నమ్ముకుంటూ పక్కకు తప్పుకోవడం వేరు. అందరి పండగలో ఒక్క మనిషి ఓడిపోయి కూర్చుంది. ఆమెను ఓడించింది నేల కాదు, రాయి కాదు.

పెద్దమ్మ ఈ ఎండాకాలం పోయింది. చివరి రోజుల్లో పక్కన కూర్చుని చెప్పాలని నోరు తెరిచేదాన్ని. ఆమె నా వైపు గర్వంగా చూసేది, మా పాప నీళ్లు తెచ్చిన పాప అని వచ్చినవాళ్లకు చెప్పేది. నేను నోరు మూసుకునేదాన్ని. చెప్పి ఉంటే తిట్టేదా? చెయ్యి బాగానే ఉందని తెలిసి తేలిగ్గా పోయేదా? తెలుసుకునే దారి నేనే మూసేశాను. ఇక పెద్దనాయనకూ ఖాదర్‌కూ చెప్పాలి. వాళ్లు ఏమంటారో నాకు తెలియదు, ఏమన్నా పడాల్సిందే.

దీని కింద పేరు రాయడం లేదు. మా పీఠం వాళ్లకు రెండో పేరా దాటకముందే నేనెవరో తెలిసిపోతుంది, తెలియనివ్వండి. ఇది పీఠం గోడకే అంటిస్తాను, మా ఫలితాలు అంటించిన గోడకే. ఈ పేజీ నిండేసరికి ఊపిరి కాస్త నిండుగా అందుతోంది. అంతకంటే నేను అడగను, అడిగే హక్కూ లేదు.

గోడ మీద చదివేవాళ్లకు ఒక్కటే గుర్తుండాలి. పెద్దమ్మ నడిచి వచ్చేసరికి ఆ పొలంలో ఇనుము లేదు. ఆమె ఇచ్చిన మాట నిజం. దానిమీద మట్టి కప్పింది నేను.