మామా వెతికిన చిన్న అడుగులు

మామా పోయిందని ఆవిడ కూతురు ఫోన్‌లో మెసేజ్ పెట్టింది. పోలండ్‌లో, పుట్టింటి ఊళ్లో, నిద్రలోనే పోయిందట. కువైట్‌లో ఇళ్లలో పనిచేసే మేం ఇంటి యజమానురాలిని మామా అని, యజమానిని బాబా అని పిలుస్తాం. పదకొండేళ్లు ఆవిడ ఇంట్లో తిన్నదాన్ని. ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

ఆవిడది పోలండ్, బాబాది కువైట్, నాది కోనసీమ. ఎవరికీ సొంతం కాని ఇంగ్లీషే మా ఇంటి భాష. మామా ఒక నోటుబుక్కులో ఇంగ్లీషు మాట, దాని పక్కన పోలిష్ మాట రాసుకునేది. నేను వచ్చాక పక్కన ఇంకో గీత గీసి, "ఇటువైపు నీది, తెలుగు రాయి" అంది. పనిమనిషి చేతికి పెన్నిచ్చిన ఇల్లు నేనంతకుముందు చూడలేదు.

చలికాలంలో ఎడారిలో గుడారం వేసేవాళ్లు. ఒక మధ్యాహ్నం ఇసుక మీద చూపిస్తూ చెప్పింది. మనిషి ఫుట్‌ప్రింట్ అయితే 'శ్లాద్ స్తోపి', జంతువు ట్రాక్ అయితే 'త్రోప్', బండి చక్రం చేసిన గాడి అయితే 'కొలెయ్‌నా'. నేను మూడింటికీ "జాడ" అని రాశాను.

"అన్నిటికీ ఒకటేనా?" అని నవ్వింది.

"మనిషి కనబడకపోయినా అదే మాట మామా. జాడ తెలీలేదంటాం."

"మా శ్లాద్ కూడా అంతే."

తర్వాత పాపను నాకప్పగించి టీ పెట్టడానికి వెళ్లింది. ఇప్పుడు మెసేజ్ పెట్టిన కూతురే ఆ పాప, అప్పటికి ఐదేళ్లు. ఇంతలో ఊరినుంచి చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఎలాగున్నావు? బాగా చిక్కిపోయావంట గదా!" అంది. కబుర్లలో పడిపోయాను. తిరిగి చూస్తే పాప లేదు.

మామా అరవలేదు. వంగి, చిన్న పాదాల గుర్తులు పట్టుకుని నడిచింది. "తొక్కకు, పక్కనుంచి రా" అంది. చెప్పులు లేకుండానే వెనక పరిగెత్తాను. జీపుల గాడులు అడ్డొచ్చిన చోట ఆగి, చుట్టూ తిరిగి, మళ్లీ ఆ గుర్తులు పట్టుకుంది. ఒక దిబ్బ వెనక పాప ఇసుకతో ఆడుకుంటోంది.

బాబా మండిపడుతూ వచ్చాడు. "పాప దగ్గర ఎవరున్నారు?"

నన్ను పని మాన్పించి ఊరికి పంపేస్తాడనుకున్నాను.

"నేనే. కునుకు పట్టింది" అంది మామా.

అందరి ముందూ ఆవిడను తిట్టాడు. నేను గ్లాసులు సర్దుతూ ఉండిపోయాను. తర్వాత ఏళ్ల తరబడి చుట్టాలు వచ్చినప్పుడల్లా, బిడ్డను పోగొట్టుకున్న తల్లి అని ఆవిడను ఆటపట్టించేవాళ్లు. ఆవిడ నవ్వి ఊరుకునేది. నేను ట్రేతో వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఒక్కసారి మాత్రం "మామా, ఆ రోజు..." అన్నాను. "ఖలాస్. పాప దొరికింది కదా" అంది.

మొన్న ఆ పాపకే రాశాను: "ఆ రోజు నీ దగ్గరున్నది నేను."

జవాబొచ్చింది. "తెలుసు. నువ్వు ఫోన్‌లో నవ్వుతున్నావు. ఎవరికీ చెప్పొద్దని అమ్మ అంది."

పాపకు తెలియనిది ఒకటుంది. తిరిగొచ్చేటప్పుడు తను కారులో నిద్రపోయింది. మామా నా పాదాన్ని ఒళ్లోకి లాక్కుంది. వద్దంటున్నా వదల్లేదు. జుట్టుపిన్నుతో ముల్లు తీసి, వెలుతురుకు ఎత్తి చూసి, అద్దం దించి బయటికి విసిరేసింది.