సమ్మెలో పడిన మూడో అమావాస్య

నా చిన్నప్పుడు, ఒక అమావాస్య వెళ్ళిన మర్నాటి పొద్దున, మా పేట ముందు ఇసుకలో కూర్చున్నవాళ్ళు వీళ్ళు: కులపెద్ద, ఆయన పక్కన నలుగురు పెద్దమనుషులు, పక్కింటి అక్క, ఆమె అత్త, మా తాతయ్య, ఆయన మోకాలికి ఆనుకుని నేను. ఎదురుగా ఒక దర్భకట్ట, ఒక కొత్త కుండ, మడత విప్పని తెల్లచీర ఉన్నాయి. వెనక ఒడ్డుకు లాగిపెట్టిన పడవలు, వాటి మీద ఆరేసిన వలలు. ఈదురుగాలి వల్ల అప్పటికి వారంగా ఎవరూ వేటకు వెళ్ళలేదు.

మాది భావనపాడు దగ్గర చిన్న మత్స్యకారుల పేట. పక్కింటి అక్క భర్త, మా వీధిలో చాలామంది మగవాళ్ళలాగే, గుజరాత్ రేవుల్లో పడవ పనికి వెళ్ళాడు. నెలకో ఉత్తరం రాసేవాడు. అక్క గుమ్మంలో కూర్చుని దాన్ని పైకి చదివేది, అత్త పని ఆపి వినేది. తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. కిరాణా కొట్టు ఫోను నుంచి అక్కడి పడవ యజమానికి ఫోను చేయిస్తే, అతను వేరే పడవకు మారిపోయాడని మాత్రం తెలిసింది. ఏ పడవకో వాళ్ళకీ తెలియదు.

మా పేటలో ఒక కట్టుబాటు ఉంది. సముద్రం మీదికి వెళ్ళినవాడి కబురు మూడు అమావాస్యల దాకా తెలియకపోతే, దర్భలతో మనిషి బొమ్మ చేసి, ఒడ్డున కర్మ జరిపిస్తారు. అలా చేయకపోతే పోయినవాడు ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతాడని నమ్మకం. కర్మ జరిగితే భార్య గాజులు తీసెయ్యాలి.

రెండు అమావాస్యలు అలాగే గడిచాయి. మూడోది రాకముందే తపాలా వాళ్ళ సమ్మె మొదలైంది. మా ఊరి పోస్టాఫీసు గదికి తాళం పడింది. పోస్టుమాన్ టౌనులో టెంటు కింద కూర్చున్నాడని ఎవరో చెప్పారు. అయినా ఐసు అమ్మేవాడి సైకిలు గంట వినిపిస్తే చాలు, అక్క తడి చేతులతో వీధిలోకి వచ్చేసేది. ఐసు బండి చూసి, మా ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వెళ్ళిపోయేది. కొన్నాళ్ళకు ఆ ఐసు అబ్బాయి మా వీధి మొదట్లోనే సైకిలు దిగి, గంట కొట్టకుండా నడిపించుకుంటూ వచ్చేవాడు.

అత్తకు కలలు మొదలయ్యాయి. కొడుకు గుమ్మంలో నిలబడేవాడట. ఒంటి మీది నుంచి నీళ్ళు కారుతుండేవట. ఆకలేస్తోందని అడిగేవాడట. పొద్దున్నే లేచి ఆమె గడప మీద అరచెయ్యి పెట్టి చూసేది. సముద్రం పక్కన ఇళ్ళకు పొద్దుటిపూట గడపలు చెమ్మగానే ఉంటాయి. అది నాకు తెలుసు. అయినా నేను మా గడప కూడా తాకి చూడడం మొదలుపెట్టాను.

అందుకని మూడో అమావాస్య వెళ్ళగానే కర్మ జరిపించమని పెద్దలను అడిగింది అత్తే. ఆమెకు కోడలి మీద కోపం లేదు, కొడుకు ఆకలితో తిరుగుతున్నాడన్న భయమే ఉంది. ఆ పొద్దున ఇసుకలో అక్క మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని, గాజులు కనిపించకుండా కొంగు కప్పుకుంది.

కులపెద్ద దర్భకట్ట విప్పబోతుంటే మా తాతయ్య లేచాడు. పడవ మీద ఆరేసిన వలను లాక్కొచ్చి అందరి మధ్యా పరిచాడు. వంగి కన్ను కన్నూ వెతికాడు. నన్నూ వెతకమన్నాడు. నేను వెతికాను. ఇసుక, ఒక ఎండిన నాచుముక్క దొరికాయి.

"ఒక్క సేప నేదు," అన్నాడు తాతయ్య. "సంద్రంలో సేపలన్నీ సచ్చిపోనాయి."

పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వేశాడు. "నీకేటి మతి పోనాదా మావా? ఎండేసిన వల్లో సేపలెలాగ పడతాయి?"

"మరి తాళమేసిన పోస్టాపీసులోంచి ఉత్తరమెలాగొస్తాది?"

 కులపెద్ద చేతిలోని దర్భలను కిందపెట్టాడు. వేటకు వెళ్ళని రోజును చేప పడని రోజుగా మా వాళ్ళెవరూ లెక్కవేయరు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అత్త మాత్రం ఒప్పుకోలేదు. "నా కొడుకు ఆకలంటన్నాడు బావా. రోజూ వస్తన్నాడు."

తాతయ్య ఆమె ముందు కూర్చున్నాడు. "అన్నం పెట్టమ్మా. ఉన్నోడికైనా, పోనోడికైనా పెట్టేది అన్నమే గదా. ఆ పిల్ల గాజుల జోలికి మాత్రం ఎల్లకు."

ఆ సాయంత్రం నుంచి వాళ్ళ గడప పక్కన ఒక పళ్ళెంలో అన్నం, చేపల పులుసు కనిపించేవి. పొద్దునకు పళ్ళెం ఖాళీ అయ్యేది. కుక్కలు తినేవని నాకు తెలుసు, అందరికీ తెలుసు.

సమ్మె ముగిశాక పోస్టుమాన్ నిండు సంచులతో వచ్చాడు. ఆగిపోయిన ఉత్తరాలన్నీ మా వీధిలో ఒక్కసారిగా పంచాడు. అక్కకు ఏమీ రాలేదు. పెద్దలు ఆ రోజు నుంచి లెక్క మళ్ళీ మొదలుపెట్టారు. మూడు అమావాస్యలయ్యాక దర్భకట్ట పట్టుకుని వాళ్ళ ఇంటికే వచ్చారు. ఈసారి అడ్డం నిలబడింది అత్త.

"అన్ని సంచులూ ఇప్పేసినారని మీకెవులు సెప్పినారు?" అంది.

పెద్దలు దర్భకట్టను విప్పకుండానే వెనక్కి తీసుకుపోయారు.  మా తాతయ్య కూడా తల వంచుకుని ఇంటికి వచ్చేశాడు. తర్వాత చాలా ఏళ్ళకు, వల బాగుచేస్తూ నాతో ఒకసారి అన్నాడు: "గాజులు తియ్యకుండా ఆపగలిగినాన్రా. ఆ ఎదురుసూపు ఆపడం నా వల్ల కానేదు."

ఇప్పుడు నేను ఒక రేవులో నీటిమట్టం కొలిచే పరికరాలు చూసుకుంటాను. పరికరం పాడైన గంటలకు సున్నా వేయను, ఆ గడి ఖాళీగా వదిలేస్తాను. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేది ఇదే. సున్నా అంటే చూశాం, లేదు అని. ఖాళీ అంటే మనం చూడలేదు అని. ఇది ఇంజనీరింగ్ కాలేజీలోనూ చెప్పారు, కానీ నేను నేర్చుకున్నది ఆ వల దగ్గర. ఖాళీ గడితో బతకడం ఎంత కష్టమో మాత్రం కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ ఏ ఊళ్ళో నిద్ర లేచినా ముందు గడప తాకి చూస్తాను.

కిందటి నెల మా పేటకు వెళ్ళాను. తాతయ్య లేడు. అక్క వాళ్ళ అత్త కూడా పోయింది. గడప పక్కన పళ్ళెం అలాగే ఉంది, అన్నం ఇప్పుడు అక్క పెడుతోంది. నాకు టీ గ్లాసు అందిస్తుంటే ఆమె చేతులు చూశాను. కుడి చేతికి ఆరు గాజులు, ఎడమ చేతికి ఆరు. మొత్తం పన్నెండు.