నాన్న హీబ్రూ... నా చాడీ

మా చిన్నప్పుడు... తెల్లవారగానే నాన్న పెరట్లో అటూ ఇటూ నడుస్తూ ఏదో వల్లెవేసేవారు. సంస్కృతం కాదు, ఇంగ్లీషూ కాదు. "హిత్... హిత్..." అంటూ గొంతు లోపలి నుంచి వచ్చే మాటలు. వంటింటి గుమ్మంలో నాయనమ్మ చెవులు రిక్కించుకుని కూర్చునేది.

యాభైల నాటి మాట. నాన్న గుంటూరులో మిషన్ బడిలో తెలుగు పండితులు. అక్కడి ముసలి పాస్టరుగారు బైబిలు తెలుగును దిద్దుతూ నాన్న సాయం అడిగారు. మూలం తెలియకుండా ఎలా దిద్దుతానని నాన్న ఆయన దగ్గరే హీబ్రూ మొదలుపెట్టారు... నాయనమ్మకు మాత్రం అది మతంలో కలుపుకునే మంత్రమే!

"ఏమే, మీ నాన్న ఏమంటున్నాడో వినిరా" అని నన్ను పంపేది. ఎనిమిదేళ్లదాన్ని, ఆ పని నాకు మహా గొప్పగా ఉండేది.

ఒకరోజు మిరపకాయల బస్తాల వెనక నక్కాను. తుమ్ము ఆపుకోలేక చస్తున్నాను. నాన్న పుస్తకం చూసి అర్థాలు చెప్పుకుంటున్నారు. "వేషం మార్చుకున్నాను... వేషం మార్చుకున్నావు..." పరుగున వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

నాయనమ్మ ముఖం పాలిపోయింది. పర్చూరులో మా అత్తయ్య దగ్గరికి వెళ్లిపోతానని ట్రంకుపెట్టె సర్దేసింది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఎప్పుడు కలిశావురా వాళ్లలో?"

నాన్న నవ్వబోయి, పెట్టె చూసి ఆగిపోయారు. "అయ్యో, అది క్రియ అమ్మా! మనకు మనం చేసుకునే పనికి చివర 'కొను' పెడతాం చూడు, వాళ్లు ముందు 'హిత్' పెడతారు. తల దువ్వుకున్నాను, ముస్తాబు చేసుకున్నాను అంటామే... అలాంటిదే."

"మరి తల దువ్వుకున్నాననే చదవరాదూ? వేషం దేనికిరా?"

నాన్న మర్నాడే పుస్తకం పాస్టరుగారికి ఇచ్చేసి వచ్చారు. అంత ఇష్టపడి నేర్చుకుంటున్న చదువు అలా ఆగిపోయింది.

నాయనమ్మ పెట్టె విప్పిందే కానీ అనుమానం మానలేదు. "మానేశాడంటే... నేర్చుకోవడం అయిపోయిందేమోనే" అనేది నా చెవిలో.

ఎవరు చెప్పారో నాన్నకు తెలుసు. నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ ఆ తర్వాత పద్యం చదువుకుంటున్నా సరే, నేను వస్తే ఆపేసేవారు. కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు...

ఇప్పుడు మా మనవరాలు హాల్లో కూర్చుని, ఫోన్లో చూస్తూ కొరియన్ భాష గట్టిగా వల్లెవేస్తుంది. అదేమిటని అడిగే నాథుడు లేడు. మీ ఇళ్లలోనూ అనుమానంతో ఆగిపోయిన చదువులుంటే రాయండి, చదవాలని ఉంది...

నేను మాత్రం పక్కగదిలోంచే వింటాను. ఎదురుగా వెళ్తే ఆపేస్తుందేమోనని.