మళ్ళీ సంతకం పెడతానన్న మనిషి

కరోనా తగ్గిన మరుసటి ఏడు. పరవాడలో ఒక మందుల కంపెనీ హెచ్.ఆర్. విభాగంలో అసిస్టెంట్‌గా ఉండేదాన్ని. కార్మికుల హాజరు, సెలవులు, జీతాలు చూడడం నా పని. అక్కడ చాలామందివి ‘ఫిక్స్‌డ్ టర్మ్’ ఉద్యోగాలు. అంటే ఒప్పందం ఏడాదికే. గడువు తీరేలోపు మళ్ళీ సంతకం చేస్తేనే ఇంకో ఏడాది.

ఒకటో తారీఖు పొద్దున్న గేటు నుంచి సెక్యూరిటీ ఫోన్ చేశాడు. బాయిలర్ ఆపరేటర్ అప్పలరాజు కార్డు పనిచేయడం లేదట, మనిషి మాత్రం కదలడం లేదట. అప్పలరాజుది చోడవరం వైపు రైతు కుటుంబం. ఐటీఐ చదివి, పెళ్ళికి ముందు నుంచీ మా బాయిలర్ దగ్గరే పనిచేస్తున్నాడు. బడికెళ్ళే పాప ఉంది. సిస్టంలో చూస్తే అతని పేరు పక్కన ‘రిజైన్డ్’ అని ఉంది.

గేటు దగ్గరికి వెళ్ళాను. క్యారేజీ పట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడు.

“అప్పలరాజు గారూ, రాజీనామా ఇచ్చారా?”

“నానా? నానెందుకిత్తాను మేడమ్? మళ్ళీ సంతకం ఎడతానని సార్‌కి మెయిల్ ఎట్టాను. యాక్సెప్టెడ్ అని వచ్చింది కూడాను. మావోళ్ళకి స్వీట్లు పంచాను.”

ఫోన్ తీసి చూపించాడు. ఎవరినీ అడక్కుండా తనే కూడబలుక్కుని రాసుకున్న ఇంగ్లీషు. “Sir, my contract is finishing this month. I am ready to resign. Kindly do the needful.” దాని కింద మా మేనేజర్ జవాబు: “Your resignation is accepted. Best wishes.”

“దీనికి ఉద్యోగం మానేస్తానని అర్థమండీ” అన్నాను.

“అదేటి మేడమ్? రీఛార్జ్ అంటే మళ్ళీ ఛార్జ్ సెయ్యడం. రీఫిల్ అంటే మళ్ళీ నింపడం. రీసైన్ అంటే మళ్ళీ సైన్ సెయ్యడం కాదేటి?”

అతని లెక్కలో తప్పు లేదు. ఆ భాషే అలా ఏడిసింది. మళ్ళీ సంతకం అనాలంటే re తర్వాత చిన్న గీత పెట్టి re-sign అని రాయాలి. గీత లేకపోతే రాజీనామా. అదే చెప్పాను. 

“ఒక్క గీతకేనా మేడమ్?” అన్నాడు.

మేనేజర్ గదికి వెళ్ళి, అతని ఉద్దేశం అది కాదని చెప్పాను. ఆయన కంప్యూటర్ మీంచి తల ఎత్తలేదు.

“చదవగానే నాకూ అర్థమైందమ్మా. బాయిలర్‌లో ఒకరిని తగ్గించమని పైనుంచి ఒత్తిడి. మనం రెన్యూ చెయ్యకపోతే యూనియన్ వచ్చి కూర్చుంటుంది. తనే రాసిచ్చాడు. ఇంకేం కావాలి?”

“అన్యాయం సార్.”

“మెయిల్ చదివి చెప్పండి, అతను రాయని మాట నేనేదైనా చేర్చానా?”

జరిగింది వివరిస్తూ ప్లాంట్ హెడ్‌కి రాశాను. జవాబు రాలేదు. యూనియన్ నాయకుడు వచ్చాడు. మెయిల్ చూశాడు. బయటికి వచ్చి అప్పలరాజు భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వే రాసేసినావు కదా బావా. నానేటి సెయ్యగలను?” అన్నాడు. అప్పలరాజు లేబర్ ఆఫీసు చుట్టూ కొన్నాళ్ళు తిరిగి, తిరగలేక మానుకున్నాడు.

ఏడాది తిరక్కుండా నేనూ వేరే కంపెనీకి మారాను. ఒకసారి మద్దిలపాలెంలో మా బంధువుల అపార్ట్‌మెంట్‌కి వెళితే, వాచ్‌మన్ కుర్చీలోంచి అప్పలరాజు లేచి నిలబడ్డాడు. ఒళ్ళు తగ్గిపోయింది. పాప చదువు ఎలా ఉందని అడిగాను.

“బాగానే సదూతంది మేడమ్. ఇంగ్లీషు హోంవర్కు తెచ్చి సూడమంటాది. నానొద్దన్నాను. నాకు రాదమ్మా, మీ మేష్టార్నే అడుగన్నాను.”

ఆ మాట నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

తప్పుడు ఇంగ్లీషు వల్ల అప్పలరాజు ఉద్యోగం పోయిందని ఇప్పటికీ చాలామంది అంటారు. నేనలా అనను. అతను రాసింది మేనేజర్‌కి మొదటి చూపులోనే అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఆ ఉద్యోగం పోయింది. ఇప్పుడు నా చేతికి ఏ రాజీనామా వచ్చినా ముందు ఫోన్ చేసి తెలుగులో అడుగుతాను, నిజంగా మానేస్తున్నారా అని. ఎక్కువమంది అవునంటారు. ఆ మాట చెవిన పడేదాకా కాగితం పైకి పంపను.